ఇరవై గోళ్ళు

ఫింటన్ ఇంటి ముందు తలుపుకి రెండు తాళాలు. ఒకటి ఊళ్ళో అందరి ఇళ్ళకీ ఉండేదే. రెండోది లోపలివైపు, అతని భుజం ఎత్తున ఉంటుంది. దాని చెవి అతని బెల్టుకి వేలాడుతుంది, పెరటి తలుపు చెవి కూడా ఆ గుత్తిలోనే. అదేమంటే దొంగల భయం అంటాడు. ఆ వీధిలో దొంగతనం జరిగి ఎన్నేళ్ళయిందో పోలీసులు కూడా చెప్పలేరు. అయినా ఫింటన్ మాట ఎవరు కాదంటారు? చర్చిలో చందాపళ్ళెం పట్టుకుని తిరిగే పెద్దమనిషి. ముసలమ్మల సంచులు కారు దాకా మోసిపెట్టే మర్యాదస్తుడు. "పెట్టిపుట్టావే సోర్చా, ఇలాంటి మొగుడు ఎందరికి దొరుకుతాడు!" అని ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె చేతిలో చెయ్యి పెట్టి గోళ్ళకి రంగు వేయించుకుంటూనే చెప్పి పోతారు. సోర్చా తల ఊపుతుంది. ఇంకేం చేస్తుంది మరి!

అసలు ఆ గోళ్ళ పని కూడా అతను వేసిన తాళమే. నాలుగేళ్ళ కిందట సోర్చాకి నది ఒడ్డున మందుల షాపులో ఉద్యోగం వచ్చింది. "ఈ వానల్లో ఆ తిరుగుడెందుకు బంగారం, నీకిష్టమైన పని ఇంట్లోనే పెట్టిస్తాగా" అన్నాడు. అన్నట్టే వంటింట్లో బల్ల వేయించాడు. గోళ్ళు అరగదీసే మెషీన్, రంగు గట్టిపడే నీలం లైటు, అరవై రంగుల సీసాలు, అన్నీ కొన్నాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంది, ఎంత మంచివాడో అని. ఆ రోజు నుంచి సోర్చా వంటిల్లు దాటింది తక్కువ. అతను ముందుగదిలో బీమా కాగితాలు చూసుకుంటూ కూర్చుంటాడు, వంటింట్లో మాటలు వినపడేలా తలుపు బార్లా తీసిపెట్టి. ఎవరు ఎప్పుడు రావాలో అతనే రాసుకుంటాడు. ఫోను అతని దగ్గరే. వచ్చినవాళ్ళకి తలుపు తీసేదీ అతనే, పంపించి మళ్ళీ వేసేదీ అతనే. పంపించే ముందు హాల్లో చిన్న బల్ల మీద నల్ల మఖమల్ గుడ్డ పరిచి, ఆవిడ రెండు చేతులూ దాని మీద పెట్టించి ఫొటో తీసి, ఇంటర్నెట్లో వాళ్ళ గోళ్ళ పేజీలో పెడతాడు. మొహాలు ఎన్నడూ తియ్యడు, చేతులే.

ఇక రెండో సంగతి. ఇది గ్రహించడానికి సోర్చాకే రెండేళ్ళు పట్టింది. తననీ, కూతురు సైవ్‌నీ ఒకేసారి గుమ్మం దాటనివ్వడు. సోర్చా కూరగాయలకి వెళితే ఆరేళ్ళ సైవ్ నాన్న దగ్గర ఉండాలి. సైవ్ బడికి వెళితే సోర్చా వంటింట్లో ఉండాలి. చర్చికి వెళితే ముగ్గురూ కలిసే, మధ్యలో అతను. ఇలా ఉండాలని నోరు తెరిచి ఏనాడూ అనలేదు, అనకుండానే నడిపించాడు. బిడ్డని వదిలి తను పారిపోతే? కోర్టులో ఆ చందాపళ్ళెం మొహం ముందు తన మాట ఎవరు నమ్ముతారు? పోతే ఇద్దరూ పోవాలి, లేకపోతే లేదు.

ఏడాది మొత్తం మీద దానికి ఒక్క సాయంత్రమే దొరికింది. హాలోవీన్.

ఆ సాయంత్రం ఊళ్ళో పిల్లలందరూ వేషాలేసుకుని ఇంటింటికీ తిరుగుతారు. తన పిల్లని ఒక్కదాన్నే ఇంట్లో కట్టేస్తే నలుగురూ ఏమనుకుంటారోనని ఫింటన్‌కి భయం. నలుగురేమనుకుంటారోనన్నది ఒక్కటే ఆ మనిషికున్న భయం లెండి. అందుకే ఎమర్ అనే ఆవిడ పిల్లలతో సైవ్‌ని పంపడానికి ఒప్పుకున్నాడు. "ఆరు కొట్టేసరికి గుమ్మంలో ఉండాలి" అన్నాడు. నాలుగింటికి సైవ్ తెల్ల దుప్పటి కప్పుకుని, రెండు కళ్ళకి రెండు కన్నాలతో, దెయ్యమై వెళ్ళింది. వెళ్ళేముందు దుప్పటిలోంచి చెయ్యి చాపి తల్లి చిటికెనవేలు పట్టుకుని ఊపింది. ఆ పిల్ల చెయ్యి మొత్తం ఎప్పుడూ పట్టుకోదు. కుడిచేతి చిటికెనవేలు, అదీ వంకరగా పక్కకి తిరిగినది, దాన్నే పట్టుకుంటుంది. రెండేళ్ళ వయసు నుంచీ అదే అలవాటు.

ఆ వేలు వంకరపోయి నాలుగేళ్ళు. మందుల షాపు ఉద్యోగానికి సరే అని వచ్చిన రోజున, ఫింటన్ కారు తలుపు వేశాడు. ఆమె చెయ్యి ఇంకా అక్కడే ఉంది. ఆసుపత్రిలో ఆమెకన్నా ముందు అతనే ఏడ్చాడు, ఆమెకన్నా ముందు అతనే డాక్టరుకి జరిగింది చెప్పాడు.

నాలుగూ పదికి బెల్లు మోగింది.

గుమ్మంలో మంత్రగత్తె నిలబడింది. నేలని ఊడ్చే నల్ల అంగీ, కొండలాంటి టోపీ, గడ్డం మీద పులిపిరులున్న రబ్బరు మొహం, చంకలో పొట్లం. ఒక్క మాట లేదు. పాత పద్ధతి అది. వేషం కట్టినవాళ్ళు నోరు విప్పకూడదు. ఇంటివాళ్ళు ఎవరో కనిపెడితే ముసుగు తియ్యాలి, అంతదాకా ఊఁ ఆఁ కూడా అనకూడదు.

ఫింటన్‌కి ఇలాంటివంటే సరదా. "ఎవరబ్బా? పోస్టాఫీసు నోరీన్ గారా?" అన్నాడు. మంత్రగత్తె తల అడ్డంగా ఊపింది. "ఫాదర్ గారి వంటావిడ?" మళ్ళీ అడ్డంగా. "ఆగండాగండి, ఏదీ ఒక్కసారి నడవండి." మంత్రగత్తె రెండడుగులు వేసింది, ఎడమకాలు ఈడుస్తూ. అతను పగలబడి నవ్వాడు. "మోకాలు పట్టిచ్చేసింది! అసంప్టా గారు!"

రబ్బరు మొహం పైకి లేచింది. కింద ఎర్రగా చెమటలు కక్కుతున్న అసంప్టా మొహం బయటపడింది. "నీ తెలివి తెల్లారిపోనూ! ఒక్క పావు నిమిషం ఆడనివ్వవా?"

అరవై రెండేళ్ళ అసంప్టా బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే మనిషి. ఒక చేత్తో ఆగమని రాసిన గుండ్రటి పలక పట్టుకుని, ముప్పై ఏళ్ళుగా అలా నిలబడుతోంది. ఎమర్ ఆవిడ కూతురే.

"ఏంటీ, మీరూ హాలోవీన్ బొమ్మల దెయ్యం గోళ్ళేనా?" అన్నాడు ఫింటన్. "ఎప్పుడొచ్చినా నీళ్ళలాంటి రంగు తప్ప వేయించుకోరుగా."

"చర్చి హాల్లో పిల్లలకి మిఠాయిలు పంచమన్నారయ్యా. ఈ చేతుల్తో ఇస్తే నవ్వుతారు. ఇదిగో, బ్రాక్ తెచ్చాను. నేనే చేశా." ఎండుద్రాక్షలు వేసిన ఆ రొట్టె లేకుండా ఆ ఊళ్ళో హాలోవీన్ జరగదు. లోపల ఒక ఉంగరం దాచి కాలుస్తారు, ముక్కలో అది ఎవరికొస్తే వాళ్ళకి ఏడాదిలోగా పెళ్ళి.

"నాకు మందం ముక్క ఉంచండి, తర్వాత టీతో తింటా" అని ఫింటన్ పై తాళం వేశాడు. ఆ చప్పుడుకి వంటింట్లో సోర్చా భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి. రోజుకి పదిసార్లు వినే చప్పుడే, ఒక్కసారీ అలవాటు కాలేదు.

అసంప్టా కూర్చుంది. సోర్చా ఎప్పటిలాగే తలకి రుమాలు, ముక్కుకి దుమ్ము గుడ్డ, చేతులకి నల్ల రబ్బరు తొడుగులు వేసుకుని ఉంది. మెషీన్ మీట నొక్కింది. తేనెటీగల తుట్టె కదిలించినట్టు గుయ్యిమని మొదలైంది. ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరూ నిజం మాట్లాడుకున్నదంతా ఈ రొదలోనే.

మొదలుపెట్టింది అసంప్టానే, పోయిన వసంతంలో. రోడ్డు దాటిస్తుంటే సైవ్ ఆవిడ చిటికెనవేలు పట్టుకుని, తడిమి చూసి, "నీది తిన్నగా ఉందే. మా అమ్మది వంకర. నాన్న తలుపు వేశాడు" అందిట. పిల్ల మామూలుగా అంది, వాన పడుతోందన్నట్టు. ఆ మరుసటి వారం అసంప్టా మొదటిసారి గోళ్ళకని వచ్చి, మెషీన్ మోగుతుండగా వంగి, "వేలెలా విరిగింది తల్లీ? నాకు నిజం చెప్పు" అంది. ఆ మాటకి సోర్చా కళ్ళు ధారలు కట్టాయి. ముక్కుగుడ్డ ఉంది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి మూడు వారాలకోసారి, నాలుగేసి మాటలు. వెళ్ళేటప్పుడల్లా అసంప్టా చేతిసంచిలో సైవ్ స్వెటరు ఒకటో, ఒక జత మేజోళ్ళో, ఒకసారి పుట్టినతేదీ కాగితమో బయటికి పోయాయి. అన్నిటికన్నా కష్టం ఆఖరిది, సోర్చాని బయటికి పంపడం. తలుపు దగ్గర మఖమల్ గుడ్డ ఉంది. ఆ గుడ్డ దాటాలంటే పది దెయ్యం గోళ్ళు కావాలి.

"ఎమర్ పిల్లలతో చర్చి గేటు దగ్గర ఉంటుంది" అంది అసంప్టా మెషీన్ రొదలో. "కారు అక్కడే. ఐదున్నరకి నువ్వు ఈ గుమ్మం దాటాలి. రాత్రికి డబ్లిన్‌లో, ఇల్లొదిలొచ్చిన ఆడవాళ్ళని దాచే ఆ ఇంట్లో పడుకుంటారు. పక్కలు వేసి ఉంచారు."

"మీకేమైనా అయితే?"

"నాకేమవుతుందే? ముప్పై ఏళ్ళు లారీలకి అడ్డం నిలబడ్డాను. ఇతనికి భయపడతానా? ఐదూ నలభైకి మా అల్లుడు మాలకీ వచ్చి తలుపు కొడతాడు, ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని. ఒక్కొక్కడు బీరువా అంత ఉంటాడు. కానీ, వెయ్యి రంగు."

సోర్చా వేసింది. అసంప్టా గోళ్ళకి ముందు ముదురాకుపచ్చ, లైటు కింద ఒక నిమిషం. దాని మీద ఇంకో పూత, మళ్ళీ నిమిషం. తర్వాత వెంట్రుకంత కుంచెతో బొమ్మలు. బొటనవేలికి సాలెగూడు, చూపుడువేలికి పళ్ళికిలించే గుమ్మడికాయ, మధ్యవేలికి పుర్రె, ఉంగరంవేలికి కారుతున్న నెత్తురు, చిటికెనవేలికి చీకట్లోంచి చూసే రెండు కళ్ళు. రెండో చేతికీ సరిగ్గా అవే. చెయ్యి తిరిగిన పని కదా, అరగంటలో ముగించింది.

తర్వాత ఎడమచేతి తొడుగు తీసి, తన గోళ్ళ మీద అవే బొమ్మలు వేసుకుంది. అది తేలికే. కుడిచేతి దగ్గరే వచ్చింది చిక్కు. కుడిచేత్తో పనిచేసే మనిషి తన కుడిగోళ్ళకి తనే వేసుకోలేదు. ఎడమచెయ్యి గీత గీస్తే వాగులా వంకర పోతుంది.

"ఇలా తే" అంది అసంప్టా, కుంచె లాక్కుని. "ఎన్ని క్రిస్మస్ కేకుల మీద చక్కెర పువ్వులు పెట్టానో తెలుసా? ఇదెంత!" నాలుక కొస బయటపెట్టి, కళ్ళజోడు ముక్కు చివరికి దించి గీయసాగింది. సాలెగూడు ఫరవాలేదు. పుర్రె నవ్వుతున్నట్టు వచ్చింది. నెత్తురు నెత్తురులాగే ఉంది. కళ్ళు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ. ఆఖరున గుమ్మడికాయ మొదలుపెట్టి, నోరు దిద్దుతూ ఉంది.

ముందుగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. అడుగులు వంటింటి వైపే వస్తున్నాయి.

సోర్చా ఆలోచించలేదు. కుడిచెయ్యి లాక్కుని తొడుగులోకి దూర్చేసింది. ఎడమదీ వేసేసుకుంది. చూపుడువేలి గుమ్మడికాయ ఇంకా తడి. రబ్బరు దాని మీద జారడం ఆమెకి తెలిసింది.

ఫింటన్ గుమ్మంలో నిలబడి చూశాడు. అసంప్టా పది వేళ్ళూ ఎగరేసి, "చూశావా నా గోళ్ళు! మా ఆయన బతికుంటే మూర్ఛపోయేవాడు!" అంది.

"భలే ఉన్నాయే" అన్నాడు. సోర్చా వెనక్కి వచ్చి ఆమె భుజాల మీద రెండు చేతులూ వేశాడు. బరువుగా, కదలకుండా. "మా ఆవిడ చేతుల్లో కళ ఉంది. నేను కనిపెట్టకపోతే ఆ మాత్రలమ్ముకునే కొట్లో పడి ఉండేది. కదా బంగారం?"

"ఊఁ" అంది సోర్చా.

"టీ పెట్టవూ?"

"ఈవిడ పూత ఆరుతోంది. పది నిమిషాల్లో తెస్తా. రొట్టె కూడా కోసి తెస్తా."

అతను వెళ్ళడు. భుజాల మీద చేతులు అలాగే ఉన్నాయి. గోడ గడియారం ఐదూ ఇరవై చూపిస్తోంది. తొడుగులో వేలు చెమట పట్టింది. ఈ మనిషి చేతుల కింద తను ఇలా ఎన్నేళ్ళు కూర్చుంది? పదకొండు. ఇంకొక్క పది నిమిషాలు కూర్చోలేనేమోననిపించింది ఆమెకి. లేచి అరుస్తానేమోనని తన మీద తనకే భయమేసింది.

అసంప్టా మోకాలు పట్టుకుని పెద్దగా మూలిగింది. "అబ్బబ్బా! ఫింటన్ బాబూ, ఆ ముందుగదిలో నా టోపీ పెట్టినట్టున్నాను, తెచ్చిపెడతావా నాయనా? చచ్చేలా నొప్పి పెడుతోంది."

ముసలివాళ్ళకి సాయమంటే ఆ మహానుభావుడు ఆగుతాడా! వెళ్ళి టోపీ తెచ్చిచ్చి, తిరిగి తన కాగితాల దగ్గరికి పోయాడు.

తొడుగు తీసి చూస్తే గుమ్మడికాయ బంగాళాదుంపయింది. నారింజరంగు పక్కకి పూసుకుపోయి, పళ్ళు చెరిగిపోయాయి. "మళ్ళీ వేద్దాం" అంది సోర్చా కుంచె అందుకుని.

"టైము లేదు. లైటులో పెట్టు చెయ్యి." అసంప్టా అప్పటికే అంగీ విప్పుతోంది. "ఫొటోకి ఎడమచెయ్యి చూపించు. కుడిది అంగీలోనే ఉంచుకో."

మెషీన్ మోగుతూనే ఉంది. అంగీ సోర్చా మీదికి వచ్చింది, నడుముకి కుర్చీ దిండు కట్టారు. సోర్చా పెళ్ళి ఉంగరం సబ్బు రాసి లాగింది. దాని కింద పదకొండేళ్ళ తెల్లచార. దాని మీదికి అసంప్టా తను తెచ్చిన ప్లాస్టిక్ పుర్రె ఉంగరం తొడిగింది. పెళ్ళి ఉంగరాన్ని ఎక్కడ పెట్టాలా అని సోర్చా ఒక్క క్షణం చూసింది. తర్వాత బ్రాక్ మందంగా ఒక ముక్క కోసి, దాని మధ్యలోకి వేలితో లోపలికంటా నొక్కి, ప్లేట్లో పెట్టింది. అసంప్టా అది చూసి నోరు నొక్కుకుంది, నవ్వు ఆపుకోడానికి.

"ఎడమకాలు" అని చెవిలో గుర్తుచేసింది. సోర్చా రుమాలు, ముక్కుగుడ్డ, తొడుగులు అసంప్టా వేసుకుని, ఆమె కుర్చీలోనే హాలుకి వీపు పెట్టి కూర్చుని, మెషీన్ మీద ఒక ఉత్త ప్లాస్టిక్ గోరు అరగదీయడం మొదలుపెట్టింది. "పో తల్లీ. వెనక్కి చూడకు."

రబ్బరు మొహం లోపల ఆవిరి. ఎవరో తిన్న పిప్పరమెంటు వాసన. రెండు కన్నాల్లోంచి హాలు ఇంత చిన్నగా కనిపించింది. సోర్చా ఎడమకాలు ఈడుస్తూ నడిచింది. తన ఇంట్లో తనే అలా నడుస్తుంటే, ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ నడిచిన నడకా వేషమే కదా అనిపించింది.

"ఆహా, మళ్ళీ మొహం పెట్టేశారే" అన్నాడు ఫింటన్ లేస్తూ. "ఇంక మాట్లాడరన్నమాట! సరే, రండి." దీపం వేసి మఖమల్ గుడ్డ సర్దాడు.

ఆమె ఎడమచెయ్యి పెట్టింది. పుర్రె ఉంగరం తళుక్కుమంది. అతను వంగి రెండు ఫొటోలు తీశాడు. "బాగుంది. రెండోది?"

ఆమె కుడిచెయ్యి అంగీ మడతల్లోనే ఉంచుకుంది.

"రెండోది అసంప్టా గారూ. రెండు చేతులూ ఉండాలి మా పేజీలో, నియమం."

మంత్రగత్తె తల అడ్డంగా ఊపింది. అతను నవ్వాడు. "సిగ్గేమిటండీ మన దగ్గర" అంటూ అంగీ మడతలోకి చెయ్యి పోనిచ్చి, ఆ కుడిచెయ్యి తనే బయటికి తీశాడు.

అయిపోయింది అనుకుంది సోర్చా. సైవ్ గేటు దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది. ఆరింటికి వెనక్కి వస్తుంది. పై తాళం పడుతుంది. ఇక ఏ హాలోవీనూ రాదు.

ఫింటన్ ఆ చేతిని దీపం కింద పెట్టాడు. "అయ్యో, గుమ్మడికాయ చెడగొట్టిందే! ఒక కన్ను పెద్దదీ, ఒకటి చిన్నదీ. సోర్చా!" వంటింటి వైపు కేకేశాడు. మెషీన్ గుయ్యిమని ఇంకా పెద్దగా మోగింది. "అది మోగుతుంటే దీనికేమీ వినపడదు. ఏమనుకోకండి, తర్వాత నేను చెప్తాలే దానికి." ఆ చివరి మాట మెల్లగా అన్నాడు. దాని అర్థం ఆ చేతికి తెలుసు.

తర్వాత చిటికెనవేలు పట్టుకున్నాడు. వంకర తిరిగిన ఆ వేలిని రెండు వేళ్ళతో పట్టి, ఫొటోలో తిన్నగా పడాలని మెల్లగా ఇవతలికి నొక్కాడు. ఎముక అతుకు దగ్గర మంటెత్తింది. సోర్చా పళ్ళు బిగించింది.

"పాపం, కీళ్ళవాతం చేతుల్లోకి కూడా దిగిందా?" అన్నాడు ఫింటన్, ఎంతో దయగా. "మా అమ్మకీ ఇంతే, ముసలితనంలో వేళ్ళన్నీ ఇలాగే తిరిగిపోయాయి. వెచ్చటి నూనె రాయండి."

ఫొటో తీశాడు. చెయ్యి వదిలాడు. బెల్టు నుంచి తాళంచెవి తీసి పై తాళం తిప్పాడు. తలుపు తెరిచి, ముసలామె కదా అని, మోచెయ్యి పట్టుకుని మెట్టు కూడా దింపాడు.

బయట చీకటి పడింది. వీధంతా మంట పొగ వాసన, ఎక్కడో టపాకాయలు. ఎదురుగోడకి ఆనుకుని ముగ్గురు అస్థిపంజరాలు చిప్స్ తింటున్నారు, ఒక్కొక్కడు బీరువా అంత. వాళ్ళలో ఒకడు చిప్స్ పొట్లం పక్కనున్నవాడికిచ్చి, తలుపు వైపు కదిలాడు. సోర్చా కుంటుతూనే వెళ్ళింది, మూల తిరిగేదాకా కుంటింది. మూల తిరిగాక ఏడుపు తన్నుకొచ్చింది. భయంతో కాదు. ఆ వేలు విరిచింది అతను. పదకొండేళ్ళు పక్కన పడుకున్నాడు. ఇప్పుడు చేతిలో పట్టుకుని, దీపం కింద పెట్టి చూసి, నూనె రాయమన్నాడు. దొరికిపోతానని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చింది గానీ, ఆ మనిషి తనని ఎన్నడైనా చూశాడా అసలు? ఛీ, వీడికా నేను భయపడింది, అనుకుంది. అనుకున్నా ఏడుపు ఆగలేదు.

చర్చి గేటు దగ్గర పిల్లలు గుంపుగా ఉన్నారు. నాలుగు దెయ్యాలు, ఒక పిల్లి, ఒక గుమ్మడికాయ. ఎమర్ కారు తలుపు తీసి పట్టుకుని ఉంది. సోర్చాని చూసి కళ్ళతోనే అంతా సరేనా అని అడిగింది. పిల్లల ముందు పేరు పలకలేదు. "అదిగో అమ్మమ్మ వచ్చింది" అంది.

"అమ్మమ్మా, మిఠాయి!" అని ఎమర్ పిల్లలు అరిచారు. సోర్చా కుడిచెయ్యి అంగీలోంచి బయటికి చాపింది.

ఒక చిన్న తెల్ల దుప్పటి గుంపులోంచి విడివడి వచ్చింది. రెండు కన్నాలూ ఆ చేతి వైపు వంగాయి. దుప్పటి కిందనుంచి జిగట జిగటగా మిఠాయి అంటిన చిన్న చెయ్యి వచ్చి, చిటికెనవేలు పట్టుకుంది. గట్టిగా, ఎప్పుడూ పట్టుకునే చోటే.

"అమ్మమ్మ కాదు" అంది సైవ్ మిగతా పిల్లలతో. తర్వాత తలెత్తి, "కనిపెట్టేశాను అమ్మా. ముసుగు తియ్యి, నువ్వు ఓడిపోయావు" అంది.

సోర్చా వీధి మధ్యలో ముసుగు తీసేసింది.